ఎల్‌పీజీ ఫోర్క్‌లిఫ్ట్: చాలనం, నిర్వహణ, భద్రత

గోదాముల్లో, కర్మాగారాల్లో, ఓడరేవుల్లో బరువైన సరుకును రెండు ఉక్కు ఫోర్కుల మీద ఎత్తి, మోసుకెళ్లి, దొంతరలుగా పేర్చే పారిశ్రామిక వాహనం ఫోర్క్‌లిఫ్ట్. ద్రవరూప పెట్రోలియం వాయువు, అంటే ఎల్‌పీజీ ఇంధనంగా నడిచేదాన్ని ఎల్‌పీజీ ఫోర్క్‌లిఫ్ట్ అంటారు. వాడుకలో గ్యాస్ ఫోర్క్‌లిఫ్ట్. బండి వెనుక, సరుకు బరువును తూచే కౌంటర్‌వెయిట్ దిమ్మ మీద అడ్డంగా పడుకోబెట్టి బిగించిన సిలిండరే దీని ఆనవాలు. బండి తిరగబడటం, నడిచేవారికి తగలడం వంటి ప్రమాదాలు అన్ని ఫోర్క్‌లిఫ్టులకూ ఉన్నవే. గ్యాస్ బండికి వాటికి తోడు మరో రెండు ఉన్నాయి: నేల వెంట పరుచుకునే లీకు, గాలిలో కలిసే కార్బన్ మోనాక్సైడ్. రెండూ కంటికి ఆనవు. కాబట్టి ఈ బండి విషయంలో ఆపరేటర్ చాకచక్యం ఎంత ముఖ్యమో, షిఫ్టు మొదట్లో చేసే తనిఖీ అంతకన్నా ముఖ్యం.

చరిత్ర

1906లో అమెరికాలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ ఆల్టూనా స్టేషన్‌లో ప్రయాణికుల సామాను మోయడానికి బ్యాటరీతో నడిచే చదును బండ్లను ప్రవేశపెట్టింది. ఫోర్క్‌లిఫ్ట్ వంశవృక్షాన్ని సాధారణంగా ఇక్కడినుంచే మొదలుపెడతారు. 1917లో మిషిగన్ రాష్ట్రంలోని బుకానన్‌లో ఇరుసులు తయారుచేసే క్లార్క్ సంస్థ, తన ఫ్యాక్టరీలో సరుకు కదిలించుకోవడానికి ట్రక్‌ట్రాక్టర్ అనే ఇంజన్ బండిని రూపొందించింది. చూడవచ్చినవారు తమకూ కావాలని అడగడంతో అది అమ్మకపు వస్తువైంది. 1923లో యేల్ సంస్థ పైకి లేచే ఫోర్కులు, అవి ఎక్కిదిగే నిలువు మాస్టు ఉన్న ఎలక్ట్రిక్ బండిని తెచ్చాక నేటి రూపం స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక సామగ్రి రవాణా వల్ల ఫోర్క్‌లిఫ్ట్, చెక్క ప్యాలెట్ జోడీగా ప్రపంచమంతా వ్యాపించాయి.

ఇంధనం కథ వేరుగా సాగింది. 1910లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెల్లింగ్ పెట్రోలు నుంచి త్వరగా ఆవిరైపోయే భాగంలో ప్రొపేన్‌ను గుర్తించాడు. ఒత్తిడిలో ద్రవంగా నిల్వ చేయగలగడం, పెట్రోలు కన్నా శుభ్రంగా మండటం, ఖాళీ సిలిండర్ తీసి నిండుది పెట్టడానికి నిమిషాలే పట్టడం వల్ల ఇది ఫోర్క్‌లిఫ్టులకు అనువైన ఇంధనమైంది.

రకాలు

శక్తి వనరును బట్టి ఫోర్క్‌లిఫ్టులు ఎలక్ట్రిక్, డీజిల్, ఎల్‌పీజీ, సీఎన్‌జీ, పెట్రోలు రకాలు. ఆహార పదార్థాల గోదాములకు, శీతల గిడ్డంగులకు ఎలక్ట్రిక్ బండ్లు, ఆరుబయట గతుకుల నేల మీద డీజిల్ బండ్లు నప్పుతాయి. లోపలా బయటా తిరగాల్సిన చోట ఎల్‌పీజీ మధ్యేమార్గం. కొన్ని బండ్లు పెట్రోలు, ఎల్‌పీజీ రెండింటితోనూ నడుస్తాయి.

సీఎన్‌జీ బండిని ఎల్‌పీజీ బండితో కలిపి చూడటం పొరపాటు. సీఎన్‌జీ దాదాపు 200 బార్ల ఒత్తిడిలో వాయువుగానే ఉంటుంది. లీకైతే గాలికన్నా తేలిక కాబట్టి పైకప్పు వైపు పోతుంది. ఎల్‌పీజీ కిందికి దిగుతుంది. ఒకదానికి ఏర్పాటుచేసిన గాలి మార్గాలు, లీకును పసిగట్టే పరికరాలు రెండోదానికి సరిపోవు.

టైర్లను బట్టి మరో విభజన ఉంది. నున్నని గచ్చు మీద తిరిగే చిన్న బండ్లకు కుషన్ టైర్లు, యార్డుల్లో తిరిగేవాటికి గాలి టైర్లు లేదా సాలిడ్ టైర్లు వాడతారు.

ఇంధన స్వభావం

ఎల్‌పీజీ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. మామూలు వాతావరణ పీడనం వద్ద ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర, బ్యూటేన్ సున్నాకు కాస్త దిగువన మరుగుతాయి. అంటే సిలిండర్ నుంచి బయటపడ్డ ద్రవం క్షణాల్లో ఆవిరవుతుంది. చర్మం మీద పడితే ఆ చలికి కాలిన గాయం వంటిదే ఏర్పడుతుంది. ఒక లీటరు ద్రవ ప్రొపేన్ సుమారు 270 లీటర్ల ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి గాలిలో సుమారు 2 నుంచి 9.5 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే అంటుకుంటుంది.

ప్రొపేన్ ఆవిరి గాలికన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ ఆవిరి రెండు రెట్లు బరువు. లీకైన గ్యాస్ పైకి లేచి చెదిరిపోకుండా నేల మీద పాకి, మురుగు కాల్వల్లో, మరమ్మతు గుంతల్లో, నేలమాళిగ మెట్ల దగ్గర నిలుస్తుంది. లీకైన చోటికి చాలా దూరంలో నిప్పు దొరికినా మంట వెనక్కి వస్తుంది. ఈ గుణం ఎంత విషాదానికి దారితీయగలదో తెలుగువారికి తెలుసు. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున విశాఖపట్నం రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ మేఘంలా పరుచుకుని అంటుకోవడంతో సుమారు 60 మంది చనిపోయారు. అక్కడి పరిమాణానికి, ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్‌కు పోలిక లేదు; గ్యాస్ నడిచే తీరు మాత్రం ఒక్కటే.

ఎల్‌పీజీకి సహజంగా వాసన లేదు. లీకు తెలియాలనే ఉద్దేశంతో ఇథైల్ మెర్కాప్టాన్ వంటి ఘాటైన పదార్థాన్ని కలుపుతారు.

ఇంధన వ్యవస్థ పనితీరు

ఇంటి వంటగ్యాస్ సిలిండర్ నుంచి పైభాగంలోని ఆవిరి వస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ సిలిండర్ నుంచి ద్రవమే వస్తుంది. అందుకు లోపల అడుగుదాకా వంగిన గొట్టం ఉంటుంది. ద్రవం మొదట ఫిల్టర్ గుండా లాక్-ఆఫ్ వాల్వుకు చేరుతుంది. ఇంజన్ ఆగితే ఈ వాల్వు తనంతట తానే మూసుకుంటుంది. తరువాత వేపరైజర్‌తో కూడిన రెగ్యులేటర్. ఇంజన్ కూలెంట్ వేడితో ద్రవం ఆవిరై, ఒత్తిడి రెండు దశల్లో తగ్గి, మిక్సర్‌లో గాలితో కలిసి ఇంజన్‌లోకి వెళ్తుంది. కొత్త బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ పొగను కనిపెడుతూ మిశ్రమాన్ని సరిచేస్తుంది. త్రీ-వే కేటలిటిక్ కన్వర్టర్ విషవాయువులను తగ్గిస్తుంది.

వేపరైజర్ మీద మంచు పేరుకుంటే సాధారణంగా లోపం గ్యాస్‌లో ఉండదు. కూలెంట్ తగ్గిందనో, దాని ప్రవాహం ఆగిందనో అర్థం. ఇంజన్ వేడెక్కకముందే అతిగా రేస్ చేసినా ఇదే జరుగుతుంది. కనెక్టర్ దగ్గరో, గొట్టం మీద ఒకచోటనో మంచు కనబడితే అది లీకు.

సిలిండర్‌ను దాని సామర్థ్యంలో 80 శాతం వరకే ద్రవంతో నింపుతారు. వేడికి ద్రవ ఎల్‌పీజీ నీటికన్నా ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. మిగిలిన 20 శాతం ఖాళీ ఆ వ్యాకోచం కోసమే. ఎండాకాలం రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున సిలిండర్లను ఆరుబయట రేకు గోడకు ఆనించి వదిలేయకూడదనడానికి కారణం కూడా ఇదే. ఒత్తిడి హద్దు మీరితే సేఫ్టీ రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆవిరిని వదులుతుంది.

ఆ వాల్వు ఆవిరి ఉన్న పైభాగంలోనే ఉండాలి. అందుకే పడుకోబెట్టే సిలిండర్ కాలర్‌కు ఒక రంధ్రం, బండి మీది బ్రాకెట్‌కు ఒక పిన్ను ఉంటాయి. పిన్ను రంధ్రంలో కూర్చుంటే సిలిండర్ సరైన దిశలో ఉన్నట్టు. హడావిడిలో తిప్పి పెట్టేస్తే లోపలి గొట్టం ద్రవాన్ని వదిలి ఆవిరిలో తేలుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది. అంతకన్నా ప్రమాదం, రిలీఫ్ వాల్వు ద్రవంలో మునిగి, తెరుచుకున్న రోజున ఆవిరికి బదులు ద్రవాన్నే చిమ్ముతుంది.

సిలిండర్ మార్పిడి

గ్యాస్ బండికి సంబంధించి అత్యంత జాగ్రత్త కోరే పని ఇదే. బండిని గాలి బాగా ఆడే చోట, వెల్డింగుకు, పొయ్యిలకు, సిగరెట్లకు, డ్రైనేజీ మూతలకు దూరంగా నిలపాలి. ఫోర్కులు నేలకు దించి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ నడుస్తుండగానే సిలిండర్ వాల్వు మూయాలి. గొట్టంలో మిగిలిన గ్యాస్ అయిపోయి ఇంజన్ తనే ఆగుతుంది. అప్పుడు తాళం తిప్పి ఆపాలి. తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు వేసుకున్నాకే కనెక్టర్ విప్పాలి. కాసింత గ్యాస్ చిమ్మడం మామూలే, చిమ్ముతూనే ఉంటే మళ్లీ బిగించి మెకానిక్‌ను పిలవాలి.

నిండు సిలిండర్ ఎక్కించేముందు దాని వాల్వు లోపలి రబ్బరు ఓ-రింగును వేలితో తడిమి చూడాలి. చిట్లినా, గట్టిపడినా, అసలు లేకపోయినా ఆ సిలిండర్ వాడరాదు. సొట్టలు, లోతైన తుప్పు, పరీక్ష గడువు కూడా అప్పుడే చూడాలి. పిన్నులో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, కనెక్టర్‌ను చేత్తోనే తిప్పాలి. పానాతో బిగిస్తే మరలు చెడతాయి.

తరువాత వాల్వును మెల్లగా తెరవాలి. ఒక్కసారిగా తెరిస్తే, గొట్టం తెగిందనుకుని ఎక్సెస్ ఫ్లో వాల్వు మూసుకుంటుంది. బండి స్టార్ట్ కాదు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసి, కొద్దిసేపు ఆగి, మళ్లీ నెమ్మదిగా తెరవాలి. చివరగా కనెక్టర్ చుట్టూ సబ్బు నీళ్లు రాయాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో పరీక్షించే అలవాటు ఎక్కడ ఉన్నా వెంటనే మానిపించాలి.

ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను ఫోర్క్‌లిఫ్టుకు తగిలించడం చట్టవిరుద్ధం. పైగా దాని వాల్వు ఆవిరికోసం చేసింది, బ్రాకెట్‌లో సరిగ్గా కూర్చోదు. ధర తేడాకు ఆశపడి చేసే ఈ పని ఆపరేటర్ ప్రాణంతో బేరం.

సమతుల్యత, లోడు

ఫోర్క్‌లిఫ్ట్ నాలుగు చక్రాల బండిలా కనిపించినా మూడు బిందువుల మీద నిలుస్తుంది: ముందు చక్రాలు రెండు, వెనుక ఇరుసు ఊగే మధ్య బిందువు. ఈ మూడింటినీ కలిపితే వచ్చేది సమతుల్య త్రిభుజం. బండి, సరుకు కలిసిన గరిమనాభి ఈ త్రిభుజంలో ఉన్నంతసేపే బండి నిలుస్తుంది. లోడు పైకి లేచేకొద్దీ గరిమనాభి పైకి పోతుంది. మలుపు, బ్రేకు, వాలు దాన్ని అంచుకు నెడతాయి.

ముందు ఇరుసును ఆధారబిందువుగా తీసుకుంటే ఒక వైపు సరుకు, మరో వైపు కౌంటర్‌వెయిట్ తక్కెడలా తూగుతాయి. అందుకే ఎంత బరువన్నది చాలదు, ఎంత దూరంలో ఉందన్నది తెలియాలి. ఫోర్కుల మడమ నుంచి సరుకు గరిమనాభికి ఉన్న దూరం లోడ్ సెంటర్. 2,500 కిలోల బండికి ఆ సామర్థ్యం సాధారణంగా 500 మిల్లీమీటర్ల లోడ్ సెంటర్ వద్ద చెప్పినది. ముందు ఇరుసు నుంచి ఫోర్కుల మడమకు 480 మిల్లీమీటర్లు ఉన్న బండి మీద, లోడ్ సెంటర్ 600 మిల్లీమీటర్లకు జరిగితే లెక్క ఇలా: 2,500ను 980తో గుణించి 1,080తో భాగిస్తే సుమారు 2,268 కిలోలు. నాలుగు అంగుళాల తేడాకు రెండు క్వింటాళ్లకు పైగా సామర్థ్యం పోయింది. ఇది సూత్రం అర్థం కావడానికే. మాస్టు ఎత్తు, క్లాంపులు, సైడ్ షిఫ్టర్ కూడా సామర్థ్యాన్ని తగ్గిస్తాయి కాబట్టి బండికి అతికించిన కెపాసిటీ ప్లేటు చెప్పిందే చివరి మాట. కౌంటర్‌వెయిట్ చాలక వెనుక మనుషులను కూర్చోబెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.

నడిపే పద్ధతి

ఫోర్కులు నేలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో, మాస్టు కొద్దిగా వెనక్కి వాల్చి ప్రయాణించాలి. లోడు ఎత్తి పట్టుకుని మలుపు తిరగడం తిరగబడటానికి దగ్గరి దారి. ముందు చూపు మూసుకుపోయే లోడైతే వెనక్కి నడపాలి. లోడుతో వాలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సరుకు ఎగువ వైపే ఉండాలి. వాలు మీద మలుపు తిప్పకూడదు. స్టీరింగ్ వెనుక చక్రాలకు ఉంటుంది కనుక మలుపులో తోక బయటికి విసురుతుంది. పక్కన నిలబడ్డవారికి తగిలేది ఎక్కువగా ఈ తోకే. నడిచేవారి దారిని పసుపు గీతతో కాక రైలింగుతో వేరుచేసిన చోట భద్రత మెరుగు.

బండి తిరగబడుతున్నప్పుడు దూకాలనిపించడం సహజం. దూకినవారు పైకప్పు గార్డు కింద నలిగిపోతారు. సీటు బెల్టుతో కూర్చునే ఉండి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, పాదాలు అదిమి, పడే దిశకు ఎదురుగా ఒరగాలి. ఎత్తిన ఫోర్కుల కింద ఎవరూ నిలబడరాదు, నడవరాదు. ఆమోదించిన ప్లాట్‌ఫామ్ లేకుండా ఫోర్కుల మీద మనిషిని ఎత్తరాదు.

పని ముగిశాక ఫోర్కులు నేలకు దించి, బ్రేకు వేసి, తాళం తీయాలి. రాత్రికి వదిలేసేటప్పుడు సిలిండర్ వాల్వు కూడా మూయాలి.

కార్బన్ మోనాక్సైడ్

లీకైన ఎల్‌పీజీకి వాసన ఉంటుంది. అదే ఇంజన్‌లో సరిగా మండని ఎల్‌పీజీ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన, రంగు, రుచి ఏవీ లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించి గట్టిగా అతుక్కుంటుంది. గ్యాస్ బండి పొగ తెల్లగానూ నల్లగానూ ఉండదు కాబట్టి ‘శుభ్రమైన ఇంధనం’ అనే నమ్మకం ఏర్పడుతుంది. ఆ నమ్మకమే ప్రమాదకరం. ట్యూనింగ్ తప్పిన గ్యాస్ ఇంజన్, తలుపులు మూసిన గోదామును కొద్దిసేపట్లోనే విషగృహం చేయగలదు.

తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం తొలి లక్షణాలు. వీటిని ఎండదెబ్బగానో అలసటగానో సరిపెట్టుకుంటారు. ఒకే షెడ్డులో ఒకే షిఫ్టులో ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గితే ముందుగా అనుమానించాల్సింది బండినే. కంటైనర్ లోపలికి వెళ్లి సరుకు సర్దే బండి దగ్గర ఈ ముప్పు మరీ ఎక్కువ; విశాఖపట్నం వంటి ఓడరేవుల దగ్గరి కంటైనర్ స్టేషన్లలో ఏ ఇంజన్ బండికైనా ఈ మాట వర్తిస్తుంది.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా ఎనిమిది గంటల సగటుగా 50 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 50 భాగాలు) పరిమితి విధించింది. అక్కడి పరిశోధనా సంస్థ నియోష్ 35 పీపీఎం సూచిస్తుంది. చలికాలమనో, దుమ్మనో తలుపులు మూసే చోట మీటరు అమర్చాలి. ఫ్యాన్లు సాయపడతాయి, కానీ మూలం ఇంజన్‌లోనే ఉంది: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, అరిగిన స్పార్క్ ప్లగ్గులు, గ్యాస్ ఎక్కువైన మిశ్రమం, చెడిన సెన్సర్. ఎగ్జాస్ట్ ఎనలైజర్‌తో కొలిచి ట్యూన్ చేయాలే తప్ప చెవితో శబ్దం విని సరిచేయడం చాలదు.

నిర్వహణ

ప్రతి షిఫ్టుకు ముందు ఆపరేటరే చూడాల్సినవి: టైర్లు, బ్రేకు, హారన్, స్టీరింగు, సీటు బెల్టు, హైడ్రాలిక్ ఆయిల్ లీకులు, ఫోర్కుల లాకు పిన్నులు, మాస్టు గొలుసులు, సిలిండర్ బెల్టులు, గ్యాస్ గొట్టం మీద పగుళ్లు, రాపిడి. లోపం కనబడితే బండికి ‘వాడరాదు’ పలక తగిలించి తాళం సూపర్‌వైజర్‌కు ఇవ్వాలి. చెక్‌లిస్టులో చూడకుండానే టిక్కులు పెట్టడం చాలా చోట్ల ఉన్న జాడ్యం.

నిర్ణీత గంటల సర్వీసులో ఇంజన్ ఆయిల్, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, గ్యాస్ ఫిల్టర్ మారుస్తారు. ఎల్‌పీజీలోని బరువైన అవశేషాలు రెగ్యులేటర్ అడుగున జిడ్డుగా పేరుకుని డయాఫ్రమ్‌ను మొరాయించేలా చేస్తాయి. దాన్ని వేడిగా ఉన్నప్పుడు డ్రెయిన్ చేయాలి. గ్యాస్ వ్యవస్థ విప్పే పని శిక్షణ పొందిన మెకానిక్‌దే.

ఫోర్కులు మడమ దగ్గర ఎక్కువగా అరుగుతాయి. అసలు మందంలో 10 శాతం అరిగితే బలం దాదాపు 20 శాతం తగ్గుతుంది, ఆ ఫోర్కును తీసేయాలి. ఎత్తే గొలుసు సాధారణంగా 3 శాతం సాగితే మార్చాలి. తయారీదారు అంతకన్నా తక్కువ చెబితే అదే పాటించాలి. పగిలిన ఫోర్కుకు వీధి చివర వెల్డింగ్ షాపులో అతుకు వేయించడం, ఫోర్కుకు రంధ్రాలు చేయడం నిషిద్ధం.

అత్యవసర పరిస్థితి

గ్యాస్ వాసన వస్తే ఇంజన్ ఆపి, చేయగలిగితే సిలిండర్ వాల్వు మూసి, మనుషులను గాలి వీచే దిశకు ఎదురుగా దూరం పంపాలి. స్విచ్చులు వేయకూడదు, తీయకూడదు. నిప్పురవ్వ రెండింటిలోనూ పుడుతుంది. మంట అంటుకున్నప్పుడు గ్యాస్ ప్రవాహాన్ని ఆపగలిగితేనే మంట ఆర్పాలి. ప్రవాహం ఆగకుండా మంటను మాత్రం ఆర్పితే మండని గ్యాస్ పోగై పేలుతుంది. మంటల్లో చిక్కిన సిలిండర్ చీలిపోవచ్చు. దూరం నుంచి నీళ్లతో చల్లార్చడం అగ్నిమాపక సిబ్బంది పని. కార్బన్ మోనాక్సైడ్ సోకినవారిని వెంటనే ఆరుబయటకు తెచ్చి ఆసుపత్రికి తరలించాలి. భారత్‌లో ఎల్‌పీజీ లీకులకు అత్యవసర నంబరు 1906. సాధారణ అత్యవసర నంబరు 112.

శిక్షణ, చట్టాలు

అమెరికాలో ఓషా నిబంధన 1910.178 ప్రకారం శిక్షణ, పరీక్ష లేకుండా ఎవరూ ఫోర్క్‌లిఫ్ట్ నడపరాదు; ఆపరేటర్ పనితీరును కనీసం మూడేళ్లకోసారి మదింపు చేయాలి.

భారత్‌లో పారిశ్రామిక ట్రక్కుల భద్రతకు ఐఎస్ 6305 ప్రమాణం ఉంది. సిలిండర్లకు గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 వర్తిస్తాయి. వాటిని అమలుచేసేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో). ఎత్తే యంత్రాలను, గొలుసులను కనీసం 12 నెలలకోసారి అర్హుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నిర్దేశించింది. ఈ చట్టాన్ని 2020 వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్‌లో విలీనం చేశారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఫోర్క్‌లిఫ్ట్ ట్రక్కును నిర్మాణ పరికరాల వాహనాల నిర్వచనంలో చేర్చాయి.